ఇరవై మూడు కడుపునొప్పులు

పచ్చ అట్ట రిజిస్టరు పోయింది శుక్రవారం నాడు. మంచిర్యాలలో చెన్నూరు బస్సు ఎక్కేటప్పుడు ఉమారాణి చంకలోనే ఉంది. చెన్నూరులో దిగి చూసుకుంటే లేదు. మధ్యలో ఏం జరిగిందని ఎంత తరచి తరచి ఆలోచించినా ఆమెకు గుర్తొచ్చింది ఒక్కటే: పక్క సీటు ముసలమ్మ గంపలోంచి దొర్లిపోయిన జామకాయల్ని సీట్ల కింద వెతికి ఏరిపెట్టడం. జామకాయలన్నీ దొరికాయి. రిజిస్టరు పోయింది.

ఇంతకు ముందు సంగతులు తెలియనివాళ్లు ఈ మాత్రం తెలుసుకుంటే చాలు. ఆ రిజిస్టరు ఉమారాణిది కాదు. చెన్నూరు దారిలో ఉన్న మిషన్‌వాడ చర్చిది. 1961 నుంచి 1994 దాకా ముప్ఫై నాలుగేళ్లలో ఆ వాడలో ఎవరు, ఏ రోజు, ఎందువల్ల చనిపోయారో వరుసగా రాసిపెట్టిన సమాధుల పుస్తకం. ఉమారాణి భర్త తిమోతి ఆ వాడలో పుట్టినవాడే. లెక్కల మాస్టారు. చర్చివాళ్లను అడిగి పుస్తకం తెచ్చుకుని రెండేళ్లు దాని ముందు కూర్చున్నాడు. పోయిన ఏడాది వానాకాలంలో, బడి ఉన్న రోజే, గుండె ఆగి వెళ్లిపోయాడు. పుస్తకం బల్ల మీద ఉండిపోయింది.

ఆయన పట్టుకున్న ప్రశ్న చిన్నదే. మనుషులు ఏ చోట, ఏ కాలంలో తమ ప్రాణం తాము తీసుకుంటారు, ఏ చోట ఒకరి ప్రాణం ఒకరు తీస్తారు? అది ఆ ఒక్క మనిషి తలరాతేనా, చుట్టుపక్కల వాళ్లు బతికే తీరుకు కూడా అందులో పాలుందా? తేల్చుకోవడానికి రెండు పట్టికలు వేశాడు. ఒకటి, ఉమారాణి పుట్టిపెరిగిన బొగ్గుగనుల కాలనీది. అన్ని జిల్లాల నుంచీ వచ్చి పక్కపక్క క్వార్టర్లలో పడ్డ జనం, మూడు షిఫ్టులు, ఒకరు పనికి పోయేవేళకు ఇంకొకరు పడుకునే ఇళ్లు. అక్కడ ఆ ముప్ఫై నాలుగేళ్లలో ఆత్మహత్యలు అరవై ఒకటి, హత్యలు పంతొమ్మిది. రెండోది మిషన్‌వాడది. జనం కాలనీలో ఆరో వంతు. ఆత్మహత్యలు సున్నా, హత్యలు సున్నా.

ఆ రెండు సున్నాల మీద తిమోతి ఒక వ్యాసం రాశాడు. దానికి ప్రాణం లాంటి వాక్యం ఇది: “ముప్ఫై నాలుగేళ్లలో మిషన్‌వాడలో తన ప్రాణం తాను తీసుకున్నవారు గానీ, ఇతరుల ప్రాణం తీసినవారు గానీ ఒక్కరు కూడా లేరు.” వచ్చే శనివారం కరీంనగర్‌లో ఉపాధ్యాయుల సభలో ఆ వ్యాసాన్ని ఉమారాణి చదవాలి. తర్వాత అది తిమోతి పేరుతో పుస్తకంలో అచ్చవుతుంది. ఆయన పేరు అచ్చులో రావడం అదే మొదలు, అదే చివర. అందుకే రిజిస్టరు తిరిగి ఇచ్చేసేలోగా జిరాక్సు తీయించి పెట్టుకుందామని ఆమె మంచిర్యాల వెళ్లింది. షాపులో కరెంటు లేదు. వెనక్కు వచ్చేటప్పుడు బస్సులో ఇదీ జరిగింది.

ఆదివారానికి పుస్తకం దొరికింది. బస్సులోని జామకాయల ముసలమ్మ లింగవ్వ ఇంటికెళ్లి గంప దించుకుంటే అడుగున అది ఉందట. మొదటి పేజీలో “ఆశీర్వాదం, కేటకిస్టు, మిషన్‌వాడ” అని ఉంటే, మనవరాలితో చదివించుకుని నేరుగా ఆయన చేతికే ఇచ్చి వచ్చింది. కేటకిస్టు అంటే పాస్టరు ఊళ్లో లేనప్పుడు ప్రార్థన నడిపేవాడు. పిల్లలకు అక్షరాలు దిద్దించేదీ, ఇలాంటి పుస్తకాలు రాసేదీ ఆయనే. ఆ ముప్ఫై నాలుగేళ్ల పేర్లు ఆశీర్వాదం చేతి రాతే. ఇప్పుడాయనకు ఎనభై ఆరు.

సోమవారం పొద్దున బడికి బయల్దేరుతుంటే ఉమారాణికి ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

“పంతులమ్మా, పుస్తకం దొరికింది. మీ ఆయన లెక్క తప్పింది. వచ్చి తీస్కపో. వచ్చేటప్పుడు రబ్బరు తెచ్చుకో.”

అంతే చెప్పి పెట్టేశాడు.

* * *

మంగళవారం ఒక పూట సెలవు పెట్టి ఉమారాణి మిషన్‌వాడకు వెళ్లింది. ఆటోలో ఉన్నంతసేపూ తనకు తాను చెప్పుకుంది: కోపం తెచ్చుకోవద్దు. పెద్దాయన. చూపు ఆనదు. తిమోతి చివరి పేజీలో పెన్సిలుతో వేసిన సున్నాల్ని ఎనిమిదులనుకుని ఉంటాడు.

ఆశీర్వాదం తిమోతికి వరసకు పెద్దబాపు, అంటే పెదనాన్న. వాకిట్లో ఎండ పడేచోట మంచం వేసుకుని, ఒళ్లో రిజిస్టరు తెరిచి, పిల్లల సైన్సు పెట్టెలో ఉండేలాంటి భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు. పక్కనే ఆయన కోడలు షారోన్ స్టవ్వు ముందు పీట వేసుకుని సర్వపిండి కోసం గిన్నె లోపల పిండి ఒత్తుతోంది. ఆమె మంచిర్యాలలో నర్సు. ఇవాళ వారపు సెలవు.

“రాయే పంతులమ్మా! రబ్బరు తెచ్చినవా?”

“తెచ్చిన పెద్దబాపూ. ముందుగాల తప్పేందో చెప్పు. తెల్వకుండ నేనేం చెరప.”

“చూసినవా షారోనూ? చెరిపేటందుకు గూడ దరఖాస్తు అడుగుతది.”

“నువ్వు కూసో అక్కా,” అంది షారోన్, మోచేత్తో పీట జరిపి. “మామకు ఆదివారం సంది గిదే పని. పుస్తకం చూసుడు, ఒక్కడే నవ్వుకునుడు. సచ్చిపోయినోళ్ల పుస్తకం చదివి నవ్వే మనిషిని నేను యాడ చూడలే. బీపీ చూసిన, మంచిగనే ఉన్నది.”

“పేర్లు చూసి నవ్వుతలేనే. లెక్క చూసి నవ్వుతున్న.” ఆశీర్వాదం చివరి పేజీ తీసి రెండు సున్నాల మీద వేలు పెట్టాడు. చూపు ఆనకపోవడం ఏమీ లేదు. “తిమోతి ఎంత తెలివిగల్లోడు! పదమూడో ఎక్కం ఎనుకకెళ్లి చెప్పెటోడు. గసుంటోడు, ముప్పై నాలుగేండ్లల మా వాడల ఎవడు సొంతంగ సావలే, ఎవడు ఎవన్ని సంపలే అని రాసిండు. మేం మనుషులం గాదా బిడ్డా? మాకేం రోషాలు లేవా, దుఃఖాలు లేవా? దేవదూతలను తీస్కచ్చి గీ వాడల దించిండ్రా?”

ఉమారాణి చేతులు ఒళ్లో పెట్టుకుంది. తరగతిలో పిల్లవాడు అడ్డంగా వాదించినప్పుడు కూడా ఆమె అలాగే చేస్తుంది.

“పెద్దబాపూ, ‘ఎందువల్ల’ అని నువ్వు గీసిన గడి ఉన్నది గదా. రెండు వందల పన్నెండు పేర్లు. తిమోతి చూసిండు, నేను నాలుగుసార్లు చూసిన. జ్వరం ఉన్నది, కాన్పు ఉన్నది. పాము కుట్టింది, ముసలితనం, కడుపునొప్పి, జారిపడి, వాంతులు. నువ్వు చెప్పేది అందుల ఒక్కటి లేదు.”

“కడుపునొప్పులు ఎన్ని?”

“ఇరవై మూడు.”

షారోన్ చేతిలో గిన్నె ఆగిపోయింది. “ఇరవై మూడా? గింత వాడకు ఇరవై మూడా? ఏం మామా, మీ బాయి నీళ్లల్ల ఏం కలిపిండ్రు? నేను పన్నెండేండ్ల సంది నౌకరి చేస్తున్న. కడుపునొప్పి అనుకుంట వచ్చినోళ్లు వందలమంది. గోలి మింగుతరు, సోడ తాగుతరు, ఇంటికి పోతరు. సచ్చేటోళ్లు ఎంతమందుంటరు?”

“గదీ!” అన్నాడు ఆశీర్వాదం సంబరంగా, ఇన్నాళ్లకు తన విద్యార్థుల్లో ఒకరు జవాబు చెప్పినట్టు. భూతద్దాన్ని దిండు మీద పెట్టాడు. “కడుపునొప్పి రెండు తీర్లు బిడ్డా. ఒకటి గోలి మింగితే పోయేది. ఇంకోటి పోనిది. పోనిదానికి గూడ నేను గదే మాట రాసిన.”

ఉమారాణి మాటల్ని ఎంచుకుని వాడే మనిషి. ఎంచుకునే తీరిక ఆ క్షణంలో లేకపోయింది.

“అంటే అబద్ధం రాసినవా?”

అనేశాక నాలుక కరుచుకుంది. ఆయన మాత్రం నొచ్చుకోలేదు.

“నొప్పి ఉండబట్టే గద మనిషి పోయేది? నొప్పి ఉన్నదని రాసిన. అబద్ధమెట్లయితది?” అని మంచం మీద కాళ్లు ముడుచుకున్నాడు. “అప్పటి పాస్టరుగారు చానా గట్టోడు. సొంతంగ సచ్చినోళ్లను సమాధుల దొడ్డిల పెట్టనిచ్చెటోడు గాదు. కంచె అవుతల, వాగు ఒడ్డుకు పెట్టాలె. వానొస్తే ఆ ఒడ్డు ఉండేదా? మొదాల ఒకామె కొడుకును గట్లనే పెట్టినం. అరవై ఆరుల. వాన కాలం దాటినంక ఆమె వచ్చి నన్నడిగింది: ‘అయ్యా, నా కొడుకు కాడ కూసుందామని వచ్చిన, యాడ కూసోవాలె?’ అని. గా పేరు కాడ అప్పటిదాక ఏం రాయకుండ ఇడిచిపెట్టిన. గా దినం కడుపునొప్పి అని రాసిన. ఎనుకటి నుంచి ఠాణల రైటరు రాసే మాటే అది. కడుపునొప్పి భరించలేక అని. ఆయన కాడ్నే నేర్చుకున్న. గంతే, తర్వాత ఎవలు పోయినా పుస్తకం చూసి పాస్టరుగారు ‘పాపం, కడుపునొప్పి’ అనెటోడు, దొడ్డిల జాగ ఇచ్చెటోడు.”

“ఆయనకు అనుమానం రాలేదా?”

“వచ్చింది. ఒకసారి వాడలందరిని పిలిచి, పచ్చి మామిడికాయలు తినొద్దని అరగంట వాక్యం చెప్పిండు.”

షారోన్ ముందు నవ్వింది. ఉమారాణి పెదవులు బిగబట్టింది కానీ నిలవలేదు. ఏడాదిన్నరగా నవ్వని మనిషి నవ్వితే గొంతులో అదో రకమైన గరగర. ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడింది.

“మరి జారిపడి?” అంది కళ్లు తుడుచుకుంటూ. “ఆరుగురున్నరు.”

“అందుల నలుగురు నిజంగ జారిపడ్డరు.”

“తక్కిన ఇద్దరిని తోసిండ్రా మామా? నేను వచ్చినప్పటి సంది చూస్తున్న, గీ వాడల జారేంత నున్నటి నేల యాడున్నది అని,” అంది షారోన్.

ఆయన నవ్వు కొంచెం తగ్గింది. “ఒకటి కల్లు కాడ కొట్లాట. ఇంకోటి అన్నదమ్ములది. తమ్ముడు సచ్చిండు, అన్న జైలుకు పోయిండు. ఠాణ పుస్తకంల హత్య అనే ఉన్నది, కోర్టుల గూడ ఉన్నది. నేను దాపెట్టేదేం లేదు. కని సచ్చినోనికి, సంపినోనికి అవ్వ ఒక్కతే. ఆదివారమాదివారం వచ్చి నా ముందట కూసునేది. నా పుస్తకంల గూడ ఆమెకు గా మాటే కనపడాల్నా?”

బల్ల మీది వ్యాసం, ఆ వ్యాసంలోని వాక్యం ఉమారాణి కళ్ల ముందు నిలబడ్డాయి. ఒక్కరు కూడా లేరు. శనివారం కరీంనగర్‌లో వందమంది ఉపాధ్యాయుల ముందు ఆ వాక్యం తను చదవాలి. చదివితే, అది నిజం కాదని తెలిసి చదవాలి. చదవకపోతే తిమోతి రెండేళ్ల పని కూలుతుంది.

“తిమోతికి గీ సంగతి ఎందుకు చెప్పలేదు పెద్దబాపూ? పుస్తకం కోసం వచ్చినప్పుడన్న చెప్పకపోతివి?”

“పుస్తకం నా కాడ యాడున్నది? చర్చి బీరువల ఉండె. వానికి వాళ్లే ఇచ్చిండ్రు. దేనికో నాకేం తెలుసు? చుట్టాల పేర్లు చూసుకునేటందుకనుకున్న. కడుపునొప్పి సంగతి అప్పటి పెద్దమనుషులకే తెలుసు. పిలగాండ్లకు చెప్పేది గాదాయె. కొట్లాటలప్పటికి వానికి ఏడేండ్లు గూడ నిండలే.”

“తిమోతి ఏమంటడంటే...” అని ఆగి, “అనేటోడు,” అని దిద్దుకుంది. “మీ వాడల గట్ల జరగకపోవుడికి వంతే కారణం అనేటోడు.”

వంతు అంటే మిషన్‌వాడ బుధవారం ప్రార్థన. చర్చిలో కాదు, ఇళ్లలో. పొద్దుగూకే ముందు, వారానికొక ఇంట్లో, వరసగా. వంతు వచ్చిన ఇంటివాళ్లు వాకిలి ఊడ్చి చాపలు పరవాలి. వాడ వాడంతా వచ్చి కూర్చుంటుంది. ఏ ఇంటివాళ్లైనా ఈ వారం మా వల్ల కాదంటే, ఎందుకు కాదో కనుక్కోవడానికి మర్నాడు నలుగురు పోతారు. ఎంత ముడుచుకుపోయిన మనిషైనా ఏడాదికి రెండుసార్లు తలుపు తీయక తప్పదు. కాలనీలో అలాంటిది ఏదీ లేదని తిమోతి రాశాడు. ఒక్క సమ్మె రోజుల్లో తప్ప. ఆ నెలల్లో డేరాలో కూర్చోవడానికి వంతులుండేవనీ, రానివాళ్ల ఇంటికి మనుషులు పోయేవారనీ ఉమారాణి తండ్రి బుచ్చిరాములు చెప్పాడు. తిమోతి కాలనీ పట్టిక తిప్పి చూస్తే, ఆ నెలల్లో ఆత్మహత్య ఒక్కటీ లేదు.

“మరి వంతు ఉన్న వాడలనే గింతమంది పోయినప్పుడు, ఆయన చెప్పింది తప్పే గదా,” అంది ఉమారాణి. తప్పు అనే మాటను ఆమె ఎర్ర సిరాతో ఎన్ని వేలసార్లు రాసి ఉంటుందో. నోటితో అనడం ఇంత కష్టమని తెలియదు.

“తప్పో ఒప్పో లెక్కపెట్టకముందే ఎట్ల తెలుస్తది? టీచరమ్మవు నువ్వు,” అంది షారోన్. “మామా, పుస్తకం పట్టు. ఏది గోలి మింగే నొప్పి, ఏది మింగని నొప్పి, ఒక్కొక్కటి చెప్పు. అక్క రాసుకుంటది. అప్పటికి గీ సర్వపిండి కాలుతది.”

ఉమారాణి సంచిలోంచి కాగితం తీసింది. ఆశీర్వాదం పేజీలు తిప్పుతూ, భూతద్దంలో పేరు పట్టుకుని, కళ్లు మూసుకుని, తెరిచి, తీర్పు చెబుతూ పోయాడు. ఒక్కరి గురించీ తడుముకోలేదు.

“అరవై మూడు. గీయనది నిజం కడుపునొప్పి. మూడు దినాలు ఒర్రిండు. అరవై ఆరు. గిది ఇందాక చెప్పిన. డెబ్బయి. గీమెది నిజం. బెల్లంపల్లి దవాఖానకు బండి కట్టినం, నడిమిట్లనే పోయింది. డెబ్బయి రెండు. గీనిది నిజమే, కని నొప్పికి కారణం పెండ్లిల తిన్న పద్నాలుగు బూరెలు.”

“గది గూడ రాసుకోవాల్నా?” అంది ఉమారాణి.

“నువ్వు రాసుకో. వచ్చే కాలం పిలగాండ్లకు పనికొస్తది.”

డెబ్బై ఏడుకొచ్చేసరికి ఆయన గొంతు చిన్నదైంది. మాటలు పొట్టివయ్యాయి. “గిది గాదు. గిది గూడ గాదు. గిది నిజం. గిది గాదు.” ఉమారాణి పేర్లు రాయలేదు. ఏడాదులు మాత్రమే రాసింది. ఎనభై నాలుగు దాటాక మళ్లీ ఆయనకు కథలు గుర్తుకొచ్చాయి. పేజీలు గబగబా తిరిగాయి.

రాసినదాన్ని ఆమె ఒకసారి కూడింది. సొంతంగా పోయినవాళ్లు తొమ్మిదిమంది.

“తొమ్మిదా?” షారోన్ సర్వపిండిని పళ్లెంలోకి బోర్లిస్తూ లెక్క కట్టింది. “మీ కాలనీల అరవై ఒకటి. మేం ఆరో వంతు. ఆరు తొమ్మిదులు యాభై నాలుగు. నడుమ ఏడే తేడా. అంటే మీకు మాకు ఏం తేడ లేదక్కా. మేం ఊకె పాటలు పాడి గొంతు నొప్పి తెచ్చుకున్నం.”

ఉమారాణి కాగితం వైపే చూస్తోంది. సోషల్ టీచరు. ఏడాదుల వరస కనబడితే చేయి ఊరుకోదు. పక్కన ఒక గీత గీసి తొమ్మిది చుక్కలు పెట్టింది. అరవై ఆరులో ఒక చుక్క. ఎనభై ఎనిమిదిలో ఒక చుక్క. తక్కిన ఏడూ ఒకేచోట చీమల్లా మూగాయి: డెబ్బై ఏడు నుంచి ఎనభై మూడు దాకా.

“పెద్దబాపూ, కల్లు కాడి కొట్లాట ఏ యేడు?”

“డెబ్బయి తొమ్మిది.”

“అన్నదమ్ములది?”

“ఎనభై ఒకటి.”

ఆమె ఇంకో రెండు చుక్కలు పెట్టింది. అవీ ఆ గుంపులోనే పడ్డాయి.

“డెబ్బై ఏడు నుంచి ఎనభై మూడు దాక ఈడ ఏమైంది?”

ఆశీర్వాదం భూతద్దాన్ని పంచె కొంగుతో తుడవడం మొదలుపెట్టాడు. అది ముందే శుభ్రంగా ఉంది.

“ఏమైంది మామా?” అంది షారోన్. “చెప్పు. మా అత్త చెప్పెటిది గదా. హార్మోనియం కథ.”

“అది అంత పెద్ద కథేం గాదు.”

“ఏడేండ్ల కథ పెద్దది గాదా?”

ఇక తప్పదని ఆయన చెప్పాడు. నాగపూర్ నుంచి ఎవరో మిషన్‌వాళ్లు చర్చికి ఒక పాత హార్మోనియం పంపారు. అందులో రెండు మెట్లు పలకవు. పాటకు హార్మోనియం పట్టాలని సగం వాడ. డప్పు ఉండగా ఈ పలకని పెట్టె ఎందుకని సగం వాడ. ఒక ఆదివారం రెండూ ఒకేసారి మోగాయి. ఆ తర్వాత ఒక పక్షంవాళ్లు చర్చి తలుపుకు తాళం వేశారు. రెండో పక్షంవాళ్లు ఆ తాళం పక్కనే ఇంకో తాళం వేశారు. చర్చి మూతపడింది. బుధవారం వంతు ఆగిపోయింది. ఈ పక్షం ఇంటికి ఆ పక్షం పోదు. పెళ్లికి పోదు, చావుకు పోదు, జ్వరమొస్తే పోదు.

“నువ్వు ఏ పక్షం పెద్దబాపూ?”

“నేను మధ్యల మనిషిని.”

“రెండో తాళం ఈయనదే,” అంది షారోన్.

“పలకని పెట్టెను పలుకుతదంటే ఎట్లొప్పుకుంటనే!” ఆశీర్వాదం మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. నలభై ఏళ్ల కోపం ఒక్క నిమిషం ముఖంలో నిలబడి, మళ్లీ దిగిపోయింది. “ఎనభై మూడు వానలకు చర్చి పక్క గోడ కూలింది. తలుపుకు రెండు తాళాలు అట్లనే ఉన్నయి. మనిషి పట్టేంత సందు. ముందుగాల పిలగాండ్లు పోయి లోపట ఆడుకున్నరు. వాళ్లను కొట్టేటందుకు ఆడోళ్లు పోయిండ్రు. ఆడోళ్లను పిలిచేటందుకు మేం పోయినం. పోయి చూస్తే అందరం లోపట్నే ఉన్నం. ఇగ ఏం చేస్తం? పాట పాడినం. ఎనభై నాలుగు జనవరిల వంతు మల్ల సురువైంది.”

“హార్మోనియం?”

“గోడ దాని మీదనే కూలింది. దేవుడు డప్పు పక్షం అనుకున్న నేను. పైకి అనలే.”

షారోన్ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఉమారాణి కాగితం మీద ఇంకా చూస్తోంది. వంతు నడిచిన ఇరవై ఏడేళ్లలో ఇద్దరు. వంతు ఆగిన ఏడేళ్లలో ఏడుగురు. హత్యలు రెండూ ఆ ఏడేళ్లలోనే. మనుషులు వాళ్లే, పొలాలు అవే, బావి అదే. మారింది ఒక్కటే. ఒకరి తలుపు ఒకరు తట్టలేదు.

“పెద్దబాపూ,” అంది నెమ్మదిగా. “తిమోతి లెక్క తప్పింది. తిమోతి మాట తప్పలే.”

“ఎట్లా?”

ఆమె కాగితం చూపించి వివరించింది. తరగతిలో చివరి బెంచీ పిల్లవాడికి చెప్పినట్టు, రెండుసార్లు. రెండోసారి చెబుతున్నప్పుడు తన గొంతు గట్టిపడడం ఆమెకే వినిపించింది. ఆశీర్వాదం భూతద్దం పెట్టి ఏడు చుక్కలనూ చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ ఏడుగురి ఇళ్లకూ ఆ రోజుల్లో తను పోయాడా లేదా అని ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. చివరికి, “గీ కాగితం నాకొకటి రాసియ్యి బిడ్డా. చర్చిల అందరికి చదివి చెప్తా. గిప్పుడు స్పీకర్ల గురించి కొట్లాడుతుండ్రు,” అన్నాడు.

షారోన్ సర్వపిండి ముక్కలు తుంచి పళ్లెం ఉమారాణి ముందుకు తోసింది. వేడివేడిగా, అంచులు కరకరలాడుతూ, నువ్వులు పంటికి తగులుతూ ఉంది. ఉమారాణి ఆకలితో తింది. ఇంకో ముక్క అడిగి మరీ తింది. తింటూనే కాగితం వెనుక వ్యాసానికి కొత్త వాక్యం రాసుకుంది. ముందటిదానికన్నా పొడుగు, అంత అందంగా లేదు, కానీ నిజం. సున్నాలు పోతే పోయాయి. శనివారం సభలో తిమోతి నిలబడతాడు.

పుస్తకం సంచిలో పెట్టుకోబోతూ, అలవాటు కొద్దీ కూడిక సరిచూసింది. నిజం కడుపునొప్పులు పదమూడు. కానివి తొమ్మిది. ఇరవై రెండు.

మళ్లీ కూడింది. ఇరవై రెండే.

“ఒకటి తక్కువొస్తున్నది పెద్దబాపూ. ఇరవై మూడు ఉండాలె.”

“నువ్వే ఏదో మరిచినవ్,” అన్నాడు ఆయన, ఆమె వైపు చూడకుండా. “ఇగ చాలు. షారోనూ, చాయ పెట్టు.”

మరిచేది ఆమె కాదు. పుస్తకం తెరిచి వేలితో గడి వెంట దిగుతూ వెళ్లింది. ఎనభై ఎనిమిది తర్వాత ఆయన రెండు పేజీలు ఒక్కసారే తిప్పేశాడు. అవి విడదీసింది. 1991, ఆగస్టు. కొమురవ్వ. కడుపునొప్పి.

కొమురవ్వ తిమోతి తల్లి. ఉమారాణి ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ఆమె లేదు. ‘మా అవ్వ కడుపునొప్పితో పోయింది’ అని పెళ్లయిన కొత్తలో ఒకసారి తిమోతి చెప్పాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. పుస్తకం చూసిన నాలుగుసార్లూ ఉమారాణి ఆ పేరు దగ్గర ఒక క్షణం ఆగి, తెలిసిన సంగతే కదా అని ముందుకు పోయింది.

“గిది ఏ తీరుది పెద్దబాపూ?”

ఆశీర్వాదం మొదటిసారి తడుముకున్నాడు. ఇప్పటిదాకా ఒక్క పేరు దగ్గరా తడుముకోని మనిషి.

“నాకు తెల్వది బిడ్డా. గా రెండు నెలలు నేను ఈడ లేను. కాలు ఆపరేషనని నాగపూర్ దవాఖానల పడుంటి. వచ్చేవరకు మీ అత్తను దొడ్డిల పెట్టిండ్రు, రాయి గూడ నాటిండ్రు. నేను అడగలే. గా ఇంటి మొఖం చూస్తే అడగబుద్ధి గాలే.”

“మరి రాసింది నువ్వు గాదా? నీ రాతే గదా?”

“నా రాత లెక్కనే ఉంటది. దిద్దిచ్చింది నేనే గద.” ఆయన భూతద్దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. “నేను లేని రెండు నెలలు పుస్తకం రాసినోడు తిమోతి. పదిహేడేండ్లుండె. అక్షరాలు గుండ్రంగ ఉన్నయని పాస్టరుగారు వానికి అప్పజెప్పిండు.”

షారోన్ చాయ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఉమారాణి భూతద్దం పెట్టి చూసింది. నల్ల సిరా, గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు. పదిహేడేళ్ల కుర్రాడు తల్లి పేరు రాసి, దాని పక్కన గడి నింపాడు.

కొమురవ్వకు వచ్చింది నిజం కడుపునొప్పే అయితే, తిమోతి ఆ మాటను మాటగానే రాశాడు. పెద్దయ్యాక మిగతావాళ్లందరి గురించీ అదే నమ్మి, సున్నా వేశాడు. అది పొరపాటు. దాన్ని ఆమె ఇవాళ దిద్దింది. అది కాకపోతే, ఆ మాటకు అర్థమేమిటో ఆయనకు పదిహేడో ఏటి నుంచీ తెలుసు. తెలిసే రెండేళ్లు లెక్కకట్టాడు. తెలిసే సున్నా వేశాడు.

“ఇంకెవరికి తెలుస్తది పెద్దబాపూ?”

“సత్తవ్వకు,” అన్నాడు ఆయన. “మీ అత్త ఇంటెనుక ఇల్లే ఆమెది. గా దినం ఆఖరి స్నానం పోసింది ఆమెనే. ఇప్పుడు చొప్పదండిల బిడ్డ కాడ ఉంటున్నది. కండ్లు పోయినయంట గని మాట మంచిగనే ఉన్నదంట.”

చొప్పదండి నుంచి కరీంనగర్‌కు ఎంతో దూరం లేదు. సభకు నాలుగు రోజులుంది. కొత్త వాక్యం రాయడం అయింది, చుక్కల పట్టిక సిద్ధమైంది, రెండు సున్నాలూ చెరిగిపోయాయి. సత్తవ్వను మాత్రం ముప్ఫై నాలుగేళ్లుగా ఎవరూ అడగలేదు.